రాబిన్ మోచేయి

2022 ఆగస్టు పద్నాలుగు, ఆదివారం. ఆ రోజు మేము తిన్నవి మక్క గారెలు. చర్చికి బయలుదేరకముందే నా భార్య ఎల్సీ కంకులు ఒలిచి, పచ్చిమిర్చి, అల్లం వేసి రుబ్బి పెట్టింది. ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి వేయించి, స్టీలు డబ్బాలో సర్ది, పటాన్‌చెరులో సాదుల్లా నెట్ సెంటర్‌కి పట్టుకొచ్చింది. సాదుల్లా నాలుగు తిని, ఐదోదాని కోసం డబ్బాలోకి తొంగి చూస్తూ "బహెన్, మీ జట్టు గెల్సినా ఓడినా ప్రతి ఆదివారం రావాలె" అన్నాడు. ఆ సాయంత్రమే ఎల్సీ ఒక పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి పేరు పెట్టింది.

ఆ పిల్లవాడు నిజంగా ఎక్కడా లేడు. కంప్యూటర్ పుట్టించినవాడు.

లాక్‌డౌన్ రోజుల్లో ఏదో ఆఫీసు మూసేస్తుంటే సాదుల్లా పాత కంప్యూటర్లు కొన్నాడు. వాటిలో ఒకదాంట్లో బేస్‌బాల్ ఆట ఉంది. వేళ్లతో ఆడేది కాదు. ఎవర్ని జట్టులోకి తీసుకోవాలి, ఈ వారం బంతి ఎవరు విసరాలి, ఎవరిని కూర్చోబెట్టాలి అన్నది మనం చెప్తాం. మ్యాచ్ కంప్యూటరే ఆడి ఏం జరిగిందో చెప్తుంది. మాలో ఒక్కరం కూడా జన్మలో బేస్‌బాల్ చూసినవాళ్లం కాదు. క్రికెట్ ఆట పెడదామని మా ఎదురింటి సొలొమోను గోల చేశాడు. సాదుల్లా ఒప్పుకోలేదు.

"క్రికెట్ పెడితే వారం తిరగకముందే బెట్టింగ్ షురూ అయితది. నా దుకాణంల హరామ్ పైసలొద్దు. ఈ ఆట మీద పటాన్‌చెరుల ఎవడు పందెం కాస్తడు చెప్పు?"

చర్చి పెద్దల్లో ఒకడిని కనుక నాకూ అదే మంచిదనిపించింది. అలా మొదలైన లీగు ఐదేళ్లుగా ఆదివారం సాయంత్రాలు నడుస్తోంది. నాదీ ఎల్సీదీ కలిపి ఒక జట్టు. ముత్తంగి గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే సొలొమోనుది ఒకటి. సాదుల్లాది ఒకటి, డిగ్రీ చదివే అతని కూతురు అరీబాది ఒకటి. మిగతా జట్లను కంప్యూటరే చూసుకుంటుంది. గెలిచినవాడికి ఏటా ఒక పెద్ద స్టీలు లస్సీ గ్లాసు. మాకదే కప్పు.

ఆ ఆటకు ప్రాణం పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. ఏటా కంప్యూటర్ కొత్త కుర్రాళ్లను పుట్టిస్తుంది. కొందరు ఎదుగుతారు, కొందరి చేతులు పాడైపోతాయి. దాని ఇష్టం. కొత్తవాడు ఏ జట్టుకొస్తే ఆ జట్టువాళ్లు పేరు పెట్టాలన్నది మా పద్ధతి. సొలొమోను తన గోదాములో బస్తాలు మోసేవాళ్ల పేర్లు పెడతాడు. ఆ రోజు ఎల్సీ తెర వైపు చూసి, పెద్దగా ఆలోచించకుండానే "రాబిన్" అంది. పెళ్లైన కొత్తలో మేమిద్దరం అనుకున్న పేరది. పెట్టించుకోవడానికి మాకెవరూ పుట్టలేదు.

మరుసటి జనవరిలో ఎల్సీ పోయింది.

నేను సుల్తాన్‌పూర్‌లో సిరంజిలు చేసే ఫ్యాక్టరీలో టెస్టింగ్ విభాగంలో పనిచేస్తాను. అందుకని లీగులో ఒక బాధ్యత నాకు అంటగట్టారు. ఇరవై ఒక్క ఏళ్లు దాటని పిచ్చర్లలో ఎవరు ఎక్కడ నిలుస్తారో ఏడాదికోసారి నేను వరస కట్టి చెప్పాలి. బంతి వేగం, గురి, గాలిలో ఎంత వంగుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా మోచేయి ఎన్నాళ్లు నిలుస్తుంది, ఇవి చూస్తాను. మొదటివాడి పేరు నెట్ సెంటర్ వెనక గది గోడ మీద అరీబా నీలం రంగుతో రాస్తుంది. అంతకుమించి బహుమతి లేదు.

రాబిన్‌కు ఈ ఏడాది ఇరవై ఒకటి వచ్చాయి. వచ్చే ఏడాది వాడు లెక్కలోకి రాడు. ఈసారి, మొట్టమొదటిసారి, వాడే ముందున్నాడు. సొంత జట్టువాడని నామీద నాకే అనుమానం వచ్చి, పేర్లు మూసిపెట్టి మళ్లీ లెక్కగట్టాను. వాడే. ఎల్సీ నోటితో పెట్టిన పేరు ఆ గోడ మీద పడుతుందని వారమంతా లోలోపల సంబరపడ్డాను. ఈ వయసులో నాకు ఇంకేదీ ఇంత గట్టిగా కావాలనిపించలేదు.

మొన్న ఆదివారం వెనక గదిలో చేరాం. అరీబా రంగుడబ్బా తెరిచి, కుంచె పట్టుకుని గోడ దగ్గర నిలబడింది. నేను కింద నుంచి చదవడం మొదలుపెట్టాను. ప్రతి పేరుకూ సొలొమోను లేచాడు.

"వాడు మూడా? గా పోరడు బంతి ఇసిరితే ఎటు పోతదో వానికే ఎర్క లేదన్నా!"

"రెండు, నర్సన్న. నీ జట్టే" అన్నాను.

"నా నర్సన్న రెండా? అన్నా, నీ అద్దాలు మార్సుకో. పనిల పని కండ్లు గూడ మార్సుకో. ఇగ ఫస్ట్ ఎవడో చెప్పు, జెర నవ్వుకుంట."

"ఒకటి, రాబిన్."

చెప్పి, తుఫానుకు సిద్ధమయ్యాను. అడిగితే చూపించడానికి లెక్కలన్నీ జేబులో పెట్టుకునే వచ్చాను. మా జట్టువాణ్ణి నేనే మొదట పెట్టుకున్నాను కదా, సొలొమోను కుర్చీ ఎక్కి మరీ అరవాలి.

సొలొమోను కూర్చున్నాడు. "కరెక్టే అన్నా" అన్నాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఈ మనిషి కూరగాయల బండి దగ్గర కూడా ఎవరి మాటకూ కరెక్టే అనడు. సాదుల్లా వైపు చూశాను. అతను టీ కప్పులోకి చూస్తున్నాడు. నా తడబాటు కప్పిపుచ్చుకోవడానికి ఎప్పుడూ వేసే పాచికే వేశాను.

"ఏంది సొలొమోనూ, జరమొచ్చిందా? కప్పు మొఖమే సూడనోనివి, లొల్లి పెట్టుడు గూడ మర్సిపోయినవా?"

గోడ దగ్గరి నుంచి అరీబా గిర్రున తిరిగింది. "ఎన్నిసార్లంటరంకుల్ గా మాట! సొలొమోను అంకుల్ గెల్సిండు గదా..."

ఆగిపోయింది. కుంచె కొసన రంగు నేల మీద చుక్కగా పడింది.

"అరీబా, చుప్" అన్నాడు సాదుల్లా.

నేను నవ్వాను. "ఎప్పుడు గెల్సిండమ్మా?"

ఎవరూ నవ్వలేదు. నా నవ్వు నాకే వినపడి ఆగిపోయింది. సాదుల్లా లేచి గది తలుపు దగ్గరికి వేసి, తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"భాయ్, బహెన్‌ను మట్టి చేసిన తెల్లారి ఆదివారం. యాదికుందా? ఆ రోజు ఫైనల్ ఉండె. నీ జట్టు, సొలొమోను జట్టు. ఆపుదామన్న నేను. సొలొమోను ఇనలే. ఆడిద్దాం, అన్న గెలిస్తే పోయి చెప్దాం, జెరంత మనసు తేలికైతది అన్నడు."

"నేను ఓడిపోతనని గట్టిగ అనుకున్న" అన్నాడు సొలొమోను నేల చూస్తూ. "ఎప్పుడూ ఓడిపోయేటోన్నే గదా."

"రాబిన్ బంతి ఇసురుతున్నడు. ఆట సగం గూడ గాలే. మోచెయ్యి తెగింది. తెర మీద రాసొచ్చింది భాయ్, ఈ ఆటగాడు ఇగ ఎన్నడు ఆడలేడు అని. మ్యాచ్ సొలొమోను గెల్సిండు. మేం ముగ్గురం గట్లనే కూసున్నం. అరీబా ఏడ్సింది."

"నేనేం ఏడ్వలే."

"ఏడ్సినవ్ బేటా."

వింటున్నాను, కానీ మాటలు ఎక్కడో పక్క గదిలో ఎవరి గురించో చెప్తున్నట్టు ఉంది. రాబిన్ చెయ్యి ఎప్పుడో పోయింది. ఎల్సీని మట్టి చేసిన తెల్లారే పోయింది. నేను మూడేళ్లుగా ఏ చెయ్యిని కొలుస్తున్నాను?

సొలొమోను తలెత్తాడు. "నేనేం జెయ్యాలన్నా? మీ ఇంటికొచ్చి, అన్నా, వదిన పేరు పెట్టిన పోరగాని చెయ్యి గూడ పోయింది, నేను గెల్సిన అని చెప్పాల్నా? నాతోని గాదు. సాదుల్లా భాయ్, మల్ల ఆడించు అన్న."

"మ్యాచ్ ముందటి ఫైల్ దాసి ఉండె అంకుల్" అంది అరీబా, మెల్లగా. "అదే పెట్టి మల్ల ఆడించిన. ఒక్కసారే. ఆ తర్వాత ఎన్నడు ముట్టుకోలే, ఒట్టు. రెండోసారి రాబిన్‌కు ఏం గాలే. మీరు గెల్సిన్రు."

"ఆరు పరుగులతోని" అన్నాడు సొలొమోను. "గదొక్కటి జెర ఎక్కువైంది."

నన్ను ఓదార్చడానికి చర్చివాళ్లు మా ఇంట్లో పెట్టిన ఆదరణ కూటమికి వీళ్లు వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఇంటి నిండా జనం పాటలు పాడుతుంటే, సొలొమోను పేపర్లో చుట్టిన స్టీలు గ్లాసు నా చేతిలో పెట్టి, చెవిలో "అన్నా, గెల్సినవ్" అన్నాడు. ఊపిరి ఆడని ఆ వారంలో అదొక్క నిమిషం నాకు గాలి ఆడింది. ఆ రాత్రి ప్రార్థనలో దేవుడికి ఆ చిన్న దయ కోసం కృతజ్ఞత చెప్పాను. అది ఎవరి చేతి మీదుగా వచ్చిందో అప్పుడు నాకు తెలియదు. పైగా ఆ చేతినే మూడేళ్లుగా, కనపడినప్పుడల్లా, కప్పు పట్టని చేయి అని వెక్కిరించాను. వాడు ఒక్కనాడూ నోరు జారలేదు.

"భాయ్, టీ తాగు" అన్నాడు సాదుల్లా. తాగాను. చల్లారిపోయింది.

మా ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఒకటుంది. శాంపిల్ ఫెయిలైతే, పాసయ్యేదాకా మళ్లీ మళ్లీ టెస్టు చేసి, పాసైన ఫలితం మాత్రం రాయకూడదు. మా పనిలో అంతకన్నా పెద్ద తప్పు లేదు. ఆ సూది ఎవరి ఒంట్లోకి పోతుందో మనకు తెలియదు కదా. ఇక్కడ చేరకముందు నుంచీ, ముప్పై ఏళ్లుగా చెప్తున్న మాట. ఆ గదిలో కూర్చుని నాకు ఇంకేమీ తోచలేదు, అదే తోచింది.

జేబులోంచి కాగితం తీశాను. మొదటి పేరు మీద గీత కొట్టాను. "రాబిన్ పేరు రాయొద్దమ్మా" అన్నాను.

అరీబా అప్పటికే మొదటి అక్షరం మొదలుపెట్టి ఉంది.

"పిచ్చి లేసిందా అన్నా?" సొలొమోను కుర్చీలోంచి లేచాడు. "ఎన్నడో అయిపోయిన ముచ్చట!"

"రెండోసారి పాసైనోన్ని నేను ఫస్ట్ రాయలేను సొలొమోనూ."

"ఇది నీ సూదుల కంపెనీ గాదు! ఆట!"

"వరస కట్టేటోన్ని నేనే గదా."

సాదుల్లా నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "భాయ్, బహెన్ పెట్టిన పేరది. ఈ ఏడాది పోతే మల్ల రాదు."

నిజమే. గోడ మీది ఆ అక్షరం వైపు చూశాను. "ఆడుతడు గదా" అన్నాను చివరికి. "వాడు ఆడుతున్నడంటే మీ ముగ్గురి వల్లనే. నాకు గది సాలు."

అరీబా తండ్రి వైపు చూసింది. అతను తలూపాడు. గుడ్డ తీసుకుని ఆ ఒక్క అక్షరాన్ని తుడిచింది. గోడ మీద నీలం మరక మిగిలింది.

"ఇగ ఫస్ట్ ఎవరంకుల్?"

"నర్సన్న."

సొలొమోను నోరు తెరుచుకుని నిలబడ్డాడు. తర్వాత ఒక్కసారిగా పేలాడు. "నా నర్సన్ననా? గట్లెట్ల! వాని బంతి వంగనే వంగదు! నిలువుగ పోతది, నిమ్మళంగ పోతది, కండ్లు లేనోడు గూడ కొడ్తడు!"

"ఇప్పుడే గదా అద్దాలు మార్సుకోమంటివి."

"మార్సుకో మరి! ఇప్పుడు గూడ గదే అంటున్న!"

అరీబాకు నవ్వు ఆగలేదు. కుంచె ముంచి, మరక పక్కన నర్సన్న పేరు రాసింది. సొలొమోను ఆమె వెనకే నిలబడి, అది తప్పని చివరి అక్షరం దాకా వాదిస్తూనే ఉన్నాడు.

ఎప్పటిలాగే అతని బండి మీద సర్వీసు రోడ్డు వెంట కొల్లూరు కాలనీకి వచ్చాం. మా ఇద్దరి ఇళ్లూ ఒకే అంతస్తులో ఎదురెదురుగా ఉంటాయి. మెట్లెక్కాక "సరే అన్నా" అని అతను లోపలికి పోయాడు.

ఎల్సీ ఫొటో పక్కన ఆ స్టీలు గ్లాసు ఉంది. అందులో ఆమె కళ్లజోడు, రెండు పెన్నులు వేసి ఉంచాను. వాటిని తీసి ఫొటో ముందు పెట్టి, గ్లాసు తుడిచి, ఎదురింటి తలుపు తట్టాను. సొలొమోను లుంగీలో వచ్చాడు.

"నీది" అన్నాను.

అతను గ్లాసు తీసుకోలేదు. "అన్నా, వదిన దగ్గర పెట్టుకున్నదది..."

"ఆమె ఉంటే ఎప్పుడో ఇచ్చేసేది."

తీసుకున్నాడు. దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. అడుగున ఏదో గీత కనపడితే బొటనవేలితో రుద్దాడు. "వచ్చే ఆదివారం రాబిన్ బంతి ఇసురుతడా?"

"ఇసురుతడు. నీ మీదనే."

"సూస్త" అన్నాడు.

నేను మా ఇంట్లోకి వచ్చి నిలబడ్డాను. సొలొమోను తలుపు వేస్తే అంతస్తంతా అదురుతుంది, అది అందరికీ తెలిసిందే. ఆదివారాలు మరీను. ఆ చప్పుడు వినగానే వంటింట్లోంచి ఎల్సీ "సొలొమోను ఇయ్యాల ఓడిపోయిండు" అని నవ్వేది. అలవాటుగా ఆ చప్పుడు కోసం చూశాను.

రాలేదు. చాలాసేపటికి, ఎదురింటి తలుపు మెల్లగా దగ్గరికి వచ్చి, గడియ పడింది.