నలువదవ పడక

రోహిణీకార్తె ప్రచండాతపమునకు గోదావరీసైకతములు పెనమువలె కాగుచుండ జనసంచారశూన్యములైన వీథులయందు వడగాలి యొక్కతియే తిరుగాడుచుండ రాజమహేంద్రవరమునందలి యొక వైద్యశాలలో మాత్రము నలువది పడకలును నానారోగపీడితులతో నిండియుండెను.

ఆ పడకల పిలుపుగంటలకు సాఫ్టువేరు రచించిన మహానుభావుడు ఫణిభూషణుడు. పూర్వము హైమవతి యను సహోద్యోగిని ప్రతి పడకకును ఆ సాఫ్టువేరులో ఆబ్జెక్టు అనబడు ఒక్కొక్క వస్తువును సృజించి దానికి పేరును సంఖ్యయు నొసగి గంట నొక్కినంతనే యా సంఖ్య నర్సుల యెదుటి పలకపై వెలుగునట్లు ఓపికతో వ్రాసియుండెను. ఆత్మశ్లాఘాపరాయణుడును పరిశ్రమవిముఖుడునగు నా పండితమ్మన్యుడు దానిని చూచి పెదవి విఱిచెను.

"ఇంత చాంతాడంత కోడెందుకండీ హైమవతిగారూ? ఒక్క లాంబ్డా పెడితే ఒక్క లైనులో అయిపోతుంది."

లాంబ్డా యనగా పేరులేని చిన్న ప్రమేయము, పిలిచినప్పుడు తన పని తాను చేయు కోడుముక్క. తెలిసినవాని చేతిలో అది చక్కగా పనిచేయును. ఫణిభూషణుడు తెలిసినవాడు కాడు. హైమవతి వ్రాసినదంతయు తీసివైచి ఒకటి మొదలు నలువది వఱకు లెక్కించుచు ప్రతి గంటకును ఒక లాంబ్డాను తగిలించెను గాని అవి తమ తమ సంఖ్యలను దాచికొనక ఉమ్మడియైన యొకే సంఖ్యను చూచుచుండుననియు లెక్క ముగియునప్పటికి అచ్చట మిగులునది నలువదియే గాన ఏ గంట నొక్కినను నలువదియే వెలుగుననియు నెఱుగడయ్యెను. పరీక్షింపవలసి వచ్చినప్పుడు ఏసీ క్రింద చల్లగా నున్నదని నలువదవ పడక గంట నొక్కదానినే నొక్కి పలకపై నలువది వెలుగగా చూచి మురిసిపోయెను.

మఱునాటి మధ్యాహ్నమున ఏడవ పడకయందు ఉబ్బసముతో ఊపిరాడక యొక యిల్లాలు గంట నొక్కెను. ఎస్తేరురాణి యను నర్సు పలక చూచి నలువదవ పడకకు పరుగెత్తెను. అచ్చటి వృద్ధుడు తీరికగా బత్తాయి వొలుచుకొనుచుండెను. మూడుమాఱు లట్లే పరుగెత్తెను. ప్రక్కపడక రోగి కేక వేయకున్నచో ఆ యిల్లాలు దక్కియుండెడిది కాదు. నీలిపడిన పెదవులతో నున్న యామెకు ప్రాణవాయువు నందించి వేఱు గదికి మార్చిరి.

సాయంకాలమునకు ఫణిభూషణుడు విచ్చేసి సిగ్గన్నమాట లేక నవ్వెను.

"లాజిక్కు కరెక్టేనండీ, చిన్న బగ్గు. అంతే."

"అలాగా బాబూ," అనెను ఎస్తేరు. "అయితే ఓసారి ఆ ఏడో పడక మీద పడుకుని, ఊపిరి బిగబట్టి బెల్లు కొట్టండి. బోర్డు మీద ఏ నెంబరు వెలిగితే అక్కడికే వస్తాను."

వార్డంతయు చూచుచుండుటచే తప్పించుకొన దారిలేక అతడు మేను వాల్చి ఊపిరి బిగబట్టి గంట నొక్కెను. ఎస్తేరు లేచి నలువదవ పడక దిక్కునకు నడచెను. అతడు మరల నొక్కెను. మరల నొక్కెను. అర నిమిషము నిండకమునుపే తాళలేక నోరు తెఱచి గాలి పీల్చెను.

నాటి మధ్యాహ్నమున ఆ యిల్లాలికి ఆపాటి సౌకర్యము లేకపోయెను.