పక్క గోడ మీద పడ్డ చెయ్యి

నా చెయ్యి పడిపోను! ఆ రోజు అది కాస్త ఊరుకుని ఉంటే, ఇవాళ నా పెట్టె సర్దుతున్న మా బామ్మర్ది తన పెట్టే సర్దుకుంటూ ఉండేవాడు.

మాది తాపీ పని. పదేళ్లుగా వాడు ఇటుక పెడతాడు, నేను వెళ్లి తాపీ పిడితో దాని మీద ఒక్కటేస్తాను. సరిగ్గా ఉన్నా వేస్తాను, లేకపోయినా వేస్తాను. పాడు అలవాటు. అందుకే పనిలో అందరూ వాణ్ణి సగం మేస్త్రి అని పిలిచేవాళ్లు. వాడు నవ్వి ఊరుకునేవాడు. నేనూ నవ్వేవాణ్ణి, బుద్ధి లేక.

విదేశంలో భవనాలు కట్టే కంపెనీ ఒకటి మేస్త్రీలను తీసుకుంటోందని తెలియగానే వాడు పాస్‌పోర్టు తీయించుకున్నాడు. రెండు గంటల్లో మూల తిప్పి ఆరు వరుసల గోడ కట్టడం పరీక్ష. నెల రోజులు పెరట్లో అదే గోడ కట్టాడు, విప్పాడు, మళ్లీ కట్టాడు.

"నువ్వూ పేరివ్వు బావా, పక్కనుంటే ధైర్యం" అన్నాడు. నాకు వెళ్లాలని ఏ కోశానా లేదు. వాడికి తోడుగా ఉందామని ఇచ్చాను.

బయల్దేరేటప్పుడు మా ఆవిడ నన్ను గుమ్మంలోనే ఆపింది. "అక్కడైనా నీ చెయ్యి అదుపులో పెట్టుకో. మా తమ్ముడి గోడ వాణ్ణే కట్టనీ."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?" అని కసురుకున్నాను.

రేకుల షెడ్డులో ఇరవై మందిమి. నా గోడ ముందే అయిపోయింది. పక్కన వాడు ఆఖరి వరుసలో ఉన్నాడు. మూల ఇటుక నూలుపోగంత బయటికి వచ్చినట్టు అనిపించింది. వాడు సిమెంటు మాలు తీసుకోవడానికి వంగాడు. అంతే, నా తాపీ టక్కుమంది.

పరీక్ష పెట్టే ఆయన సరిగ్గా వెనకే ఉన్నాడు. వాడి కాగితం మీద అడ్డంగా గీత గీశాడు.

"తప్పు నాది సార్! నన్ను తీసెయ్యండి" అని కాళ్లావేళ్లా పడ్డాను.

"నీ గోడ నువ్వే కట్టావు. ఇంకొకరి చెయ్యి పడింది అతని గోడ మీద. మళ్లీ రెండేళ్ల దాకా రానివ్వం" అన్నాడాయన. పోతూ పోతూ, "ఆ మాత్రం తేడా మేం పట్టించుకోమయ్యా. వదిలేసి ఉంటే గట్టెక్కేవాడు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా గుండెల్లో కలుక్కుమంటూనే ఉంది.

నన్ను మాత్రం ఎంపిక చేశారు. వెళ్లనని మొండికేశాను. "ఇద్దరం ఇంట్లో కూర్చుని ఏం చేద్దాం?" అని వాడే ఒప్పించాడు. ఇప్పుడు నా తాపీని, రసమట్టాన్ని పాత చొక్కాలో చుట్టి పెట్టెలో పెడుతున్నాడు.

"ఒక్కసారి నన్ను తిట్టరా, పుణ్యముంటుంది" అన్నాను.

వాడు పెట్టె మూత వేసి, దాని మీద కూర్చున్నాడు.

"బావా, నువ్వు ముట్టుకోకపోతే ఆ గోడ నిలిచేదా?"

"నిలిచేదిరా. బంగారంలా నిలిచేది."

వాడు తల దించుకున్నాడు. "ఈ మాట నువ్వు పదేళ్లలో ఒక్కసారైనా అని ఉంటే, నిన్ను తోడు రమ్మనేవాణ్ణి కాదు బావా" అన్నాడు.