లోపల ఎన్నెకరాలు

అబ్రహాముకు ఒక మంచి గుణం ఉంది. అంగట్లో ఎవరేం చెప్పినా, అర్థమైనా కాకపోయినా, తల ఊపుతాడు. ఎదుటివాడు అంత ఓపిగ్గా చెప్తా ఉంటే మధ్యలో ‘అంటే ఏంది’ అని అడ్డం పడటం మర్యాద కాదని ఆయన నమ్మకం. ఈ మర్యాద పుణ్యమా అని ఇంట్లో వాడకం తెలియని వస్తువులు చాలానే చేరాయి. నడుం నొప్పికని కొన్న బెల్టును చాన్నాళ్లు మోకాలికి కట్టుకుని తిరిగాడు. మోకాలి నొప్పి తగ్గిందని నలుగురికీ చెప్పాడు కూడా. తల ఊపడంలో మాత్రం ఆయనంతటివాడు నంద్యాలలో లేడు. కొంచెం ఎడమకు వాల్చి, కళ్లు సగం మూసి ఊపితే, చెప్పేవాడికే తన మాటమీద గౌరవం పెరిగేది.

ఆయనకు నంద్యాల బస్టాండు వెనక పంచర్ షాపు. వారమంతా టైర్లలోంచి ముళ్లు పీకి, ఆదివారం చర్చి కాగానే ఆళ్లగడ్డ బస్సెక్కేవాడు. శిరివెళ్ల దాటేదాకా కునుకు తీసి, ఆళ్లగడ్డలో దిగి, ఆటో పట్టుకుని చేని దగ్గరికి పోయేవాడు. గట్టుమీద నిలబడి, నోటి చుట్టూ అరచేతులు పెట్టుకుని తమ్ముణ్ణి పిలిచేవాడు.

"దావీదూ, బాగుండావా?"

తర్వాత ఒక రాయి చూసుకుని కూర్చునేవాడు. కాసేపటికి కంపల్లోంచి జవాబు వచ్చేది, "బాగుండా అన్నా" అని, నడిచి నడిచి అలిసిన గొంతుతో. అది విన్నాక లేచి, ప్యాంటు దులుపుకుని, మరదలు లూదియా ఇంట్లో అన్నం తిని, సాయంత్రం బస్సుకు వెనక్కి వచ్చేసేవాడు. ఏం కూరతో తిన్నావని దారిలో ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేవాడు.

ఆ చేను వాళ్ల నాయన ఇచ్చిపోయిన మూడెకరాలు. తమ్ముడు దున్నుతాడులే అని అన్న, అన్న దున్నిస్తాడులే అని తమ్ముడు ఊరుకున్న ఏళ్లలో సర్కారు తుమ్మ కంప లేచింది. ఒకరోజు మేక ఒకటి కంపల్లో దూరితే దావీదు దాని వెనక పోయాడు. మేక సాయంత్రానికి వచ్చేసింది. దావీదు రాలేదు.

కంప ముదిరిన చేను లోపలి పక్క పెరుగుతుందని ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. బయటినుంచి గొలుసు పట్టి కొలిస్తే మూడెకరాలే. లోపల నడిచేవాడికి లెక్క వేరు. దావీదు ఆ పొద్దునుంచీ బయటికే నడుస్తున్నాడు. కంప కూడా ఊరుకోకుండా పెరుగుతోంది కాబట్టి దూరం తగ్గింది లేదు. తిండి సంగతి అడిగితే ఉందనేవాడు. ఊళ్లోవాళ్లు లూదియాను, మొగుడు గల్ఫులో ఉన్న ఆడమనిషిని పలకరించినట్టు పలకరించేవాళ్లు.

"మీ ఆయన యాడిదాకా వచ్చినాడు మా?"

"వస్తాండాడు" అనేది ఆమె, బిందె చంక మార్చుకుంటూ.

లూదియా ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే షెడ్డులో పనిచేసేది. విగ్రహాలకు గరుకు కాగితంతో నునుపు పెట్టే పని. పొద్దున పనికి పోతూ గట్టు దగ్గర ఆగి, ఇంటి సంగతి ఏదో ఒకటి మొగుణ్ణి అడిగి పోయేది. మొదట్లో అడిగిన చోటే జవాబు వినేది. తర్వాత అది మధ్యాహ్నానికి జారింది, తర్వాత సాయంత్రానికి. ఇంటిమీద రేకులు మార్చమంటావా అని అడిగితే "ఈ ఏడు వద్దు" అనే జవాబు వచ్చేసరికి రేకులు మార్చి, రంగు కూడా వేయించేసింది. మేకను అమ్మేదా అని అడిగింది. "అమ్మొద్దు" అని వచ్చింది, మేకను కొన్నవాళ్లు దాన్ని పండక్కి కోసుకుతిన్న తర్వాత. ఆమె గట్టుమీద ఒంటికాలిమీద నిలబడి, రెండో కాలిలో ముల్లు తీసుకుంటూ, అంతా విని, సరే అనుకుని ఇంటికి పోయింది.

ఒక ఆదివారం అబ్రహాము పిలిచిన పిలుపుకు బస్సు వేళ దాటినా జవాబు రాలేదు. మర్నాడు షాపులో లారీ టైరు విప్పుతుండగా లూదియా ఫోను చేసింది. "నీ జవాబు ఇప్పుడొచ్చింది బావా. బాగుండాడంట."

ఇట్లనే పోతే ఒకరోజు జవాబు అసలు రాదని ఇద్దరికీ తెలుసు.  ఫోను పెట్టేసి అబ్రహాము, ట్యూబును నీళ్లలో ముంచి చూసినట్టు, తన లోపల ఎక్కడైనా బుడగ లేస్తుందేమోనని చూసుకున్నాడు. లేవలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ట్రాక్టర్ల షోరూముకు పోయాడు.

అక్కడ జహీర్ అనే సేల్స్ అతను కుర్చీ వేసి, టీ తెప్పించి, మొదటి ప్రశ్నే చెప్పుల సైజు అడిగినట్టు అడిగాడు.

"బయట ఎంత, లోపల ఎన్నెకరాలన్నా?"

అబ్రహాము తల ఊపాడు.

"ఊపితే ఎట్లన్నా. బయట మూడు అంటివి. లోపల?"

"ఉంటాది" అన్నాడు అబ్రహాము.

జహీర్ మంచివాడు, అక్కడితో వదిలేశాడు. పెద్ద ట్రాక్టరుకు బలం ఉంటుంది గానీ వెడల్పు ఎక్కువ, కంపల సందున ఇరుక్కుంటుందన్నాడు. మినీ ట్రాక్టరైతే ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచేంత దారి చాలు, నాలుగు చక్రాలూ లాగేది తీసుకుంటే గుంటలోంచి కూడా అదే ఎక్కి వస్తుందన్నాడు. వెనక తగిలించే సామాన్లను వరసగా చూపిస్తూ పోయాడు. గొర్రు, రోటావేటర్, కొమ్మల్ని పొట్టు చేసే మల్చర్, ఇంకా ఏవేవో. ఏది నేలమీద పని చేస్తుంది, ఏది నేల కింద పని చేస్తుంది అని చెప్పబోయాడు. అబ్రహాము ఎంత బాగా తల ఊపాడంటే, ఈయనకు అన్నీ తెలుసు, మనం చెప్పేదేముంది అని జహీర్‌కే అనిపించి మధ్యలో ఆపేశాడు.

బండిని అబ్రహాము హారన్ విని ఎంచుకున్నాడు. గంభీరంగా ఉంది. వెనక్కి రోటావేటర్ తీసుకున్నాడు, దాని బ్లేళ్లు వరసగా, చక్కగా మెరుస్తున్నాయి కాబట్టి. టైర్ల దగ్గర మాత్రం ఆయన నోరు విప్పాడు. మందం టైర్లు కావాలన్నాడు, ముల్లు దిగినా గాలి పోకుండా లోపల పోసే మందు తానే తెచ్చి తానే పోశాడు, ఎందుకు పోయాలో చాలాసేపు చెప్పాడు. ఆ కాసేపు జహీర్ తల ఊపాడు.

రోటావేటర్ తన పని తాను బాగానే చేసింది. సన్న కంపను ముక్కలు చేసి, మట్టిని మెత్తగా తిప్పి, వేళ్లను ఎక్కడివక్కడే వదిలిపెట్టింది. రెండు వానలు పడ్డాయి. ఒక్క కొమ్మ తెగిన చోట గుప్పెడు కొమ్మలు లేచాయి. బయటినుంచి చూస్తే చేను పచ్చగా, ముద్దుగా ఉంది. లోపల ఏమైందో జవాబులే చెప్పాయి. పొద్దున అడిగినదానికి సాయంత్రం వచ్చే మాట ఇప్పుడు వారం దాటినా రావడం లేదు. లూదియా ఎండాకాలంలో అడిగినదానికి, గొడుగు పట్టుకుని నిలబడి జవాబు విన్న పొద్దు ఒకటి ఉంది.

ఆ రోజు ఆమె తిన్నగా నంద్యాల వచ్చింది. షాపు ముందు నీళ్ల తొట్టి పక్కన నిలబడింది.

"బావా, ఆ మిషను కంపను కోస్తాదా, పీకుతాదా?"

అబ్రహాము ఆలోచించాడు. ఈ ప్రశ్నకు తల ఊపితే ఎటువైపు ఊపినట్టో తెలియలేదు.

"పా, నేనూ వస్తా" అంది లూదియా.

షోరూములో ఆమె ఒక్కోదాన్నీ ముట్టుకుని అడిగింది. ఇది కోస్తాదా, పీకుతాదా? మల్చర్ ఎంత మందం కొమ్మ కొడుతుంది, కొట్టినాక వేరు ఏమవుతుంది అని అడిగింది. వేరు అట్లే ఉంటుందని, పైగా ఆ బరువు ఈ చిన్న బండి మోయలేదని జహీర్ ఒప్పుకున్నాడు. చివరికి అతను గోడవార దుమ్ము పట్టి ఉన్న ఒక ఇనుప కొక్కేన్ని లాగి చూపించాడు. రెండు పళ్లు, కిందికి వంగి, పెద్ద పాము కోరల్లా ఉన్నాయి. దాన్ని చెట్టు మొదట్లో దించి బండి ముందుకు తోలితే వేరుతోసహా ఊడి వస్తుంది. తడి నేల అయితే ఇంకా మేలు. ఒక్కో చెట్టుకు ఒక్కోసారి దించాలి.

"చూసేదానికి బాగుండదక్కా" అన్నాడు జహీర్. "ఎవురూ కొనరు."

"మాకియ్యి" అంది లూదియా, దాని అతుకుల్ని బొటనవేలితో రుద్ది చూసి.

రోటావేటర్‌ను వెనక్కి ఇచ్చి దీన్ని రాయించుకోవడానికి ఆమె లోపలి గదికి పోయింది. అప్పుడు జహీర్ అబ్రహాము దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి ఒక మాట చెప్పాడు. బండి పట్టేంత దారి మాత్రం తీయమన్నాడు. అటూ ఇటూ పీక్కుంటూ పోవద్దన్నాడు. అవసరానికి మించి వేర్లు పీకితే లోపలి నేల బయటి నేలకన్నా తగ్గిపోతుంది, అప్పుడు మాటలు వెనకా ముందూ అవుతాయి, ఉయ్యాలవాడ పక్క ఒకరికి అట్లే అయింది అన్నాడు. అబ్రహాము కళ్లు సగం మూసి, ఎడమకు వాల్చి, నిదానంగా తల ఊపాడు. ఆ సమయంలో ఆయన ఆ కొక్కేనికి ఏ రంగు వేస్తే బాగుంటుందా అని ఆలోచిస్తున్నాడు.

షాపుకు తాళం వేసి ఆళ్లగడ్డకు చేరాడు. పొద్దున బండి ఎక్కితే ఎండ నెత్తికి వచ్చేదాకా పని. కొక్కెం దించడం, తోలడం, వేరు తెగకుండా బయటికి లాగడం. ఒక్కో వేరు మనిషి నిలువుకన్నా పొడుగు వచ్చేది, చివర తడిమట్టితో. దాన్ని లూదియా గట్టుకు ఈడ్చిపారేసేది.  అబ్రహాముకు అలుపు తెలిసేది కాదు, ఆకలి తెలిసేది కాదు. స్టీరింగు మీద ఉన్న చేతులు ఎవరివో అయినట్టు చూసుకునేవాడు.

జవాబులు మాత్రం దగ్గరపడ్డాయి. వారం దాటేది రెండు పొద్దులకు దిగింది, తర్వాత అదే సాయంత్రానికి, తర్వాత టీ చల్లారే లోపలికి. ఊళ్లోవాళ్లు పోతూ పోతూ ఆగి, విని, "ఇంగ బేగా వచ్చేస్తాడు" అనేవాళ్లు.

దారి ఒక్క బండి వెడల్పు ఉండాలి. కానీ అబ్రహాముకు కొక్కెం తగిలించిన బండిని వెనక్కి నడపడం సరిగా రాదు. వెనక్కి పోవాల్సిన ప్రతిసారీ పక్కకు తిప్పుకునేవాడు. తిప్పిన చోట చెట్టు అడ్డం ఉంటే దాన్నీ పీకేవాడు. అట్లా దారి కాస్తా కళ్లమంత వెడల్పైంది.

ఒక మధ్యాహ్నం ఇంజను ఆపి, గట్టు నీడన ఇద్దరూ జొన్నరొట్టె, ఉల్లికారం పెట్టుకుని తింటున్నారు. కంపల్లోంచి, గోడకు అవతలినుంచి మాట్లాడినంత దగ్గరగా, దావీదు గొంతు వినిపించింది.

"ఆ, వస్తాండా."

ఎవరూ పిలవలేదు. ఆ పొద్దు ఎవరూ ఏమీ అడగలేదు. లూదియా నమలడం ఆపి బావ ముఖం చూసింది. అబ్రహాముకు అప్పుడు జహీర్ మాట గుర్తొచ్చింది. దాచడానికి వీలుకాలేదు, చెప్పేశాడు. లోపలి నేల తగ్గిందని, జవాబు ముందే వచ్చేసిందని, అడగడమే మిగిలిందని.

లూదియా ఇంకో ముక్క తుంచుకుంది.

"పిలువు మా" అన్నాడు అబ్రహాము.

"నువ్వు పిల్చొచ్చు కదా."

"నాకిచ్చే జవాబైతే అన్నా అంటాడు. ఇది నీది."

ఆమె కాదనలేదు. అది మొగుడు పెళ్లానికి ఇచ్చే జవాబే, విసుగు లేదు, సంతోషమూ లేదు.

"నేను పిలవకపోతే?"

"ఏమో మా. ఆ మాట ఆడనే ఉంటాదేమో."

"మూడేండ్లు అడుగుతానే ఉండా బావా. నాకు కావాల్సిన పొద్దు జవాబు లేదు. జవాబు వచ్చిన పొద్దు నాకు దాంతో పని లేదు." ఆమె గొంతు లేవలేదు. ఉల్లికారంలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టే చెప్పింది. "రేకులు నేనే ఏపిచ్చినా. మేకను నేనే అమ్మినా. ఇప్పుడు పిలిస్తే, రేపట్నించి మళ్లా ప్రతిదీ అడగాల."

అబ్రహాము చేతిలో రొట్టె పక్కన పెట్టాడు.  తమ్ముడు ఇప్పుడు ఆమె నోట్లో ఉన్నాడు. రావడమా, ఆ ‘వస్తాండా’ దగ్గరే నిలిచిపోవడమా, రెండూ అక్కడే ఉన్నాయి.

లూదియా రొట్టె తినడం ముగించింది. డబ్బా కడిగింది. మూత పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుని, కొంగు మళ్లీ నడుముకు దోపుకుంది. బండి నీడ ఆమె కాళ్ల దగ్గరినుంచి జరిగి గట్టు ఎక్కింది. కంపల్లో ఆకు కదల్లేదు. అప్పుడు ఆమె లేచి, నోటికి చేతులు అడ్డం పెట్టకుండా, పక్కింటివాళ్లతో మాట్లాడే గొంతుతో అడిగింది.

"ఏమయ్యా, వస్తావా?"

జవాబు లేదు, అది ముందే వచ్చేసింది కాబట్టి. కొమ్మలు జరిగాయి. గడ్డం నడుముదాకా పెరిగిన దావీదు వంగి, బయటికి వచ్చి, నడుం నిటారు చేశాడు. చొక్కాకు ఒక చెయ్యి లేదు. బండిని చూశాడు, అన్నను చూశాడు, పెళ్లాన్ని చూశాడు.

"మేక వచ్చిందా?"

"వచ్చింది. అమ్మేసినా."

"అమ్మొద్దంటి కదా."

"ఇన్నాలే" అంది లూదియా. డబ్బా చంకన పెట్టుకుని ముందు నడిచింది.

ఆ సాయంత్రం ఇంటి అరుగుమీద అబ్రహాము తమ్ముడి కాళ్లు ఒళ్లో పెట్టుకుని, షాపు పటకారుతో ముళ్లు పీకాడు. పాతవి, కొత్తవి, చర్మంలో కలిసిపోయి నల్లబడ్డవి. దావీదు గోడకు తల ఆనించి, కొత్త రేకుల్ని చూస్తూ ఉన్నాడు. ఒక్కో ముల్లూ రేకు మూతలో పడి చప్పుడు చేసింది. 

ఇప్పుడు ఆ చేనిలో కంది వేశారు. బయట ఎంతో లోపలా అంతే. ఆ ఇంట్లో అడిగేది ఇప్పుడు దావీదు. ఎరువు ఎప్పుడు తేవాలి, కూలీలు ఎంతమంది కావాలి అని పొద్దున్నే పెళ్లాన్ని అడుగుతాడు. ఆమె పనికి పోయి, వచ్చి, కాళ్లు కడుక్కుని, తీరిగ్గా సాయంత్రం జవాబు చెప్తుంది. దావీదు అప్పటిదాకా కాచుకుని ఉంటాడు.

లూదియా ఆ మధ్యాహ్నం మొగుడు కావాలనుకుని పిలిచిందో, అంత దగ్గరికి వచ్చేసిన మనిషి మాటను అట్లా గాలిలో వదిలేయడానికి చేతులు రాక పిలిచిందో, అబ్రహాము ఇప్పటికీ తెలుసుకోలేదు.