ఐదు బొమ్మల్లో ఒకే ఇల్లు

వినీల నెల్లూరులో ఒక డిగ్రీ కాలేజీలో భూగోళశాస్త్రం చెబుతుంది. ఆ ఏడాది కాలేజీకి ట్యాబ్‌లు వచ్చాయి. వాటిలో బొమ్మలు గీసే యాప్ ఒకటి ఉంది. ఒకరు గీసిన దాని మీద మరొకరిది పలచటి కాగితంలా పరిచి చూపిస్తుంది. తీరం ఎలా కోసుకుపోతుందో చెప్పడానికి పనికొస్తుందనిపించి, ఒకే పల్లెనుంచి వచ్చే ఐదుగురు పిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెట్టింది.

"పడవలోనుంచి చూస్తే మీ ఒడ్డు ఎట్టా కనపడతాదో అట్టా గీయండి. ఒకరిది ఒకరు చూడొద్దు" అంది.

ఐదు బొమ్మలనూ పేర్చి గోడమీది తెరపై వేసింది. సరుగుడు తోపు ఒక్కొక్కరిది ఒక్కో చోట ఉంది. గుడి ఒకరికి పొట్టి, ఒకరికి పొడుగు. కానీ ఒడ్డుకు బాగా ఇవతల, అలల మధ్య ఉన్న చిన్న పెంకుటిల్లు మాత్రం ఐదింటిలోనూ గీతకు గీత కలిసిపోయింది.

"నీళ్లలో ఇల్లేంది?"

ఆ ఐదుగురిలో కామాక్షి అనే పిల్ల చెప్పింది. "వెంకటశేషమ్మవ్వ ఇల్లు మేడమ్. మేం పుట్టకముందే తుఫానుకు పోయింది."

"పోయిన ఇల్లు ఎట్టా గీసినారు?"

"కనపడేది గీయమన్నారు గదా మేడమ్."

ఆదివారం పొద్దున వినీల ఆ పల్లెకు వెళ్లింది. కామాక్షి మేనమామ వెంకయ్య పడవ తీశాడు. కొంత దూరం పోయాక ఇంజను జోరు తగ్గించి, పడవను పక్కకు మళ్లించి చుట్టు తిరిగాడు. ఎదురుగా ఉన్నవి నీళ్లే.

"రాళ్లేమన్నా ఉన్నాయా అన్నా?"

"లేవమ్మా."

"మరి చుట్టు తిరిగినారే?"

"ఒకరి వాకిట్లో పడవ ఎట్టా తోలేది?" అన్నాడతను మామూలుగా.

వినీల అక్కడే ఆపించి ట్యాబ్ తీసింది. తనకు కనిపించినవే గీసింది: ఇసుక, సరుగుడు చెట్లు, ఆరేసిన వలలు, కాస్త నీళ్లు. ఇల్లు లేదు. రెండుసార్లు చూసుకున్నాక మనసు కుదుటపడింది.

సోమవారం ఆ బొమ్మను తెరపై వేసి, "నేనూ పోయి చూసినా. అక్కడ ఏం లేదు" అంది.

కామాక్షి లేచివచ్చి, నీళ్లకోసం వేసిన గీతల మీద వేలు పెట్టింది. "ఇది చూరు మేడమ్. ఇది అరుగు."

అవి వినీల అలలనుకుని వేసిన గీతలే. ఇప్పుడు ఎంత చూసినా అలల్లా కనిపించడం లేదు.

"మీకు తలుపు తీసుండాది" అంది కామాక్షి గొంతు తగ్గించి. "మాకెప్పుడూ మూసే ఉంటాది."

వినీల తుడిచేద్దామని పెన్ను తీసుకుంది.

"తుడిస్తే పోయేది బొమ్మే గదా మేడమ్" అంది కామాక్షి.

వినీల పెన్ను బల్ల మీద పెట్టేసి, పిల్లల్ని వెళ్లిపొమ్మంది.

మరుసటి ఏడాది కూడా అదే పాఠం చెప్పింది. ఈసారి ఒడ్డును పడవలోనుంచి కాకుండా ఊరివైపు నుంచి, ఇసుక వరకే గీయమంది.