రెండు గీతల స్క్రూ

అబద్ధమాడింది మా నాన్నా, మామయ్యా? చిన్నప్పటి నుంచి ఈ అనుమానం నన్ను వదల్లేదు.

ఒకే పనివాడు చేసిన జంట పిస్తోళ్ళు తాతయ్యకి ఉండేవి. ఒకటి కొడుకైన మా నాన్నకి, ఒకటి కూతురైన మా మేనత్తకి ఇచ్చాడు. "నీ పిస్తోల్లోని పెద్ద స్క్రూ నేను అరువిచ్చింది, ఇచ్చెయ్యి బావా" అని మేనత్త భర్త, మా మామయ్య అడిగితే, నాన్న నలుగురిలో ఆయన్నే దొంగ అన్నాడు. దాంతో రాకపోకలు ఆగిపోయాయి. ఇప్పుడు ఇద్దరూ లేరు. పక్క వీధిలో మేనత్త ఒక్కతే ఉంది.

పాత తుపాకీల భాగాలు చూసి అవి ఎక్కడివో, ఎప్పటివో చెప్పడం నా వృత్తి. మా ఇంట్లో ఉన్న పిస్తోలుని మాత్రం ఏనాడూ విప్పలేదు. మ్యూజియం వాళ్ళు ప్రదర్శనకి దాని వయసు తేల్చమని అడిగినా వాయిదా వేస్తుంటే మా ఆవిడ ఊరుకోలేదు.

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి తానే కుడితిలో పడిందట. విప్పడానికి భయమా ఏం?"

దేవుడికి దణ్ణం పెట్టుకుని విప్పాను. లోపలి పలక మీద పనివాడి ముద్ర సగం అరిగింది. ఆకురాయి గీతలు చూస్తే అంతా చేతిపనే, రెండు వందల ఏళ్ళ నాటిది. అప్పట్లో ఏ స్క్రూ అయినా దాని రంధ్రంలోనే సరిగ్గా పట్టేది. అందుకే జంటలోని భాగాలు కలిసిపోకుండా ఒకదానికి ఒక గీత, రెండోదానికి రెండు గీతలు గీసేవారు.

మాది ఒక గీతది. స్ప్రింగుకి ఒకటి, మీటకి ఒకటి. పెద్ద స్క్రూ తల కింద మాత్రం రెండు. అప్పుడెప్పుడో బలవంతాన బిగించడంతో వంకరగా నిలబడి ఉండింది.

అబద్ధమాడింది నాన్నే. ఏ పూట విప్పినా తెలిసేదే కదా. తండ్రి మాట నమ్మడం ధర్మమే కావచ్చు. మరి నిజం తేల్చగల చేతులిచ్చిన దేవుడికి ఏం చెప్పుకోను?

మేనత్త తలుపు తీసి, నన్ను చూసి, పక్కకి తప్పుకుంది.

"అత్తయ్యా, స్క్రూ మీదే."

"నాకు తెలుసు లేరా. నీకు తెలియడానికి తల నెరవాల్సొచ్చిందా?"

"మామయ్యకి చెప్పలేకపోయాను."

"ఆయన ఆశంతా నీ మీదే. 'మేనల్లుడికి ఈ పని వచ్చుగా, ఏదో రోజు విప్పుతాడు' అనేవాడు."

జేబులోంచి ఆ స్క్రూ తీసి చూపించాను.

ఆవిడ పిస్తోలు తెచ్చింది. స్క్రూ ఉండాల్సిన చోట మామయ్య వంచి పెట్టిన తీగముక్క ఉంది. అది లాగేసి, రెండు గీతల స్క్రూని వేళ్ళతో తిప్పాను. స్క్రూడ్రైవరు అవసరమే లేకుండా చివరిదాకా దిగింది.

"మరి మీ నాన్నది బోసిపోతుందేమో," అంటూ మేనత్త ఆ తీగముక్క నా అరచేతిలో పెట్టింది. "ఇది పెట్టుకో. తిరిగి అడగన్లే."