మూడో పెడలు

ఆ ఇంట్లో కారు ఒకటే గానీ డ్రైవర్లు మాత్రం ఇద్దరు. స్టీరింగు అన్నయ్యది, బ్రేకు చెల్లెలిది.

వినడానికి వింతగా ఉన్నా, అది డ్రైవింగ్ స్కూలు నడిపే ఇల్లు. కారులో కుడివైపు స్టీరింగు ముందు నేర్చుకునేవాళ్లు కూర్చుంటారు, ఎడమవైపు నేర్పేవాళ్లు. ఎడమవైపు కాళ్ల దగ్గర ఒక క్లచ్చు, ఒక బ్రేకు అదనంగా బిగించి ఉంటాయి, నేర్చుకునేవాళ్లు బండిని గోడ మీదికి తోలబోతే ఆపడానికి. తండ్రి పోయాక అన్నయ్య ఆఫీసు కుర్చీలో కూర్చున్నాడు. చెల్లెలు ఎడమ సీట్లో కూర్చుంది. ఇంటిల్లిపాదిలో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. అయినా కుర్చీ ఎవరిదన్న మాట ఆ ఇంట్లో ఎన్నడూ రాలేదు. ఆమె అడగలేదు, వాళ్లు ఆలోచించలేదు. చూస్తూ చూస్తూ ఇరవై ఏళ్లు గడిచిపోయాయి.

నేర్చుకునేవాళ్లు ఆమెకు పెట్టిన పేరు బ్రేకు టీచరు. ముందు వెనకాల అనుకునేవారు, తర్వాత మొహం మీదే పిలిచేవారు. ఆమె ఉలుక్కోలేదు. మనసులో మాత్రం ఒక లెక్క తేలేది కాదు. ఇన్నేళ్లుగా తన కాలి కింద బండిని ఆపేదే ఉంది, కదిలించేది లేదు.

పోనీ సొంత పనులకు వెళ్లేటప్పుడైనా నడిపేదా అంటే అదీ లేదు. అన్నయ్యకు స్టీరింగంటే ప్రాణం, డ్రైవింగు మాత్రం అంతంతమాత్రం. అందుకని అమ్మ వెనక సీట్లో కూర్చుంటూ ఒకటే షరతు పెట్టేది: "అమ్మాయి కాలు ముందుంటేనే నేనెక్కుతా." అలా ఆస్పత్రికైనా, సంతకైనా, చుట్టాలింటికైనా వాడు తిప్పుతుంటే ఈమె ఆపుతుండేది. క్షేమంగా దిగాక అందరూ అన్నయ్యతో, "బాగా తోలావురా" అనేవారు.

అలాంటి అన్నయ్య ఒకరోజు భోజనాల దగ్గర చల్లటి కబురు చెప్పాడు. ఏడు సీట్ల పెద్ద బండి ఒకటి చూశాడట. చెల్లెలు దాచుకున్నది కూడా కలిపితే ఇంటికి వచ్చేస్తుందట.

"మరి నేనేం చేయాలందులో?" అంది ఆమె.

"ఏం చేయడమేంటే, ఎప్పట్లాగే. నీ వైపు ఒక బ్రేకు బిగించేద్దాం. దిగులు పెట్టుకోకు."

ప్రేమగానే అన్నాడు పాపం, చేతిలో ముద్ద కూడా కింద పెట్టకుండా. ఆ ప్రేమే ఆమెకు అరికాలి మంటలా నెత్తికెక్కింది.

ఆ వారంలోనే ఆమె ఒక స్పోర్ట్స్ కారు కొనేసింది. రెండే సీట్లు, పైకప్పు మడతపడిపోతుంది, రంగు పండుమిరపకాయ. ఊళ్లో కొనలేదు. ఊళ్లో పాత కార్లమ్మే వాళ్లంతా అన్నయ్యతో టీ తాగేవాళ్లే, ఆమె పొద్దున వాకబు చేస్తే మధ్యాహ్నానికి అన్నయ్య చెవిలో పడుతుంది. అందుకని ఎక్కడో దూరాన, ఓడల్లో పాత కార్లు దిగే రేవు పట్నంలో డీలర్ని ఫోన్లో పట్టుకుంది. వెళ్లి చూడటానికి వీల్లేదు. బ్యాచులు ఆపితే ఎందుకని అడుగుతారు.

చూడకపోయినా గుడ్డిగా కొనలేదు. ఆ డీలర్ని పిండి ఆరేసింది. పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్ట్ చేయించి ఫోన్లో చప్పుడు విన్నది. కార్పెట్లు ఎత్తించి తుప్పుందేమో చూసింది. పెడళ్ల మీది రబ్బరును దగ్గరగా ఫొటో తీసి పంపమంది.

"రబ్బరెందుకమ్మా?" అన్నాడు డీలరు.

"మీటరుని వెనక్కి తిప్పొచ్చు. అరిగిపోయిన రబ్బరు మళ్లీ మొలవదుగా."

"అమ్మా, మీరు కారు కొంటున్నారా, దానికి ఆపరేషన్ చేస్తున్నారా?" అని నవ్వాడతను. పంపాల్సినవన్నీ పంపాడు. చివర్లో మాటిచ్చాడు కూడా: "లారీలో ఎక్కించి పంపుతున్నా. నచ్చకపోతే దించిన లారీలోనే మళ్లీ ఎక్కించండి, డబ్బు తిరిగిస్తాను. లారీ వెళ్లిపోయిందా, ఇక మీ బండి మీదే."

ఆదివారం పొద్దున లారీ వచ్చి స్కూలు గేటు ముందు ఆగింది. ఆ ఇంజను చప్పుడుకు అన్నయ్య బనీను మీదే బయటికొచ్చాడు. వదిన చేతిలో తడిగుడ్డతో వచ్చింది. అమ్మ గుమ్మంలో కుర్చీ వేయించుకుంది. వీధి వీధంతా వాకిళ్లలోకి వచ్చేసింది.

"ఇది ఎవరిదే?" అన్నాడు అన్నయ్య.

"నాదే అన్నయ్యా."

అన్నయ్య లారీ చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "ఊరు దాటకుండా, చూడకుండానే? గేదె నీళ్లలో ఉండగానే గట్టు మీద బేరం చేశావా!"

"ఇందులో ఎంతమంది పడతారే?" అని కేకేసింది అమ్మ గుమ్మంలోంచి.

"ఇద్దరమ్మా."

"మరి మిగతావాళ్లం?"

"మిగతావాళ్లకి అన్నయ్య ఉన్నాడుగా."

లారీ డ్రైవరు వెనక ఇనప పలకలు వాల్చి, కారును మెల్లగా కిందికి దించాడు. కడిగి పంపినట్టున్నారు, ఎండలో నిగనిగలాడుతోంది. ఆమె గుండె చిన్నపిల్లలా గంతులేసింది. గబగబా వెళ్లి కుడివైపు తలుపు తీసింది.

అక్కడ స్టీరింగు లేదు.

లారీ డ్రైవరు ఎడమవైపు నుంచి దిగి, తాళం ఆమె చేతిలో పెట్టాడు. స్టీరింగు ఆ ఎడమవైపే ఉంది. రోడ్డుకు కుడిపక్కన నడిపే దేశపు బండి. అన్నయ్య నవ్వాడు. తొడలు చరుచుకుని, కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు.

ఆమె ఒక పక్కకు వెళ్లి డీలరుకు ఫోన్ చేసింది. "స్టీరింగు అటువైపుందని ఒక్క ముక్క చెప్పలేదేమండీ?"

"అయ్యో అమ్మా, రబ్బరు అరుగుదల చూసిన మనిషి మీరు! మొదటి ఫొటోలోనే స్టీరింగు గుమ్మడికాయంత కనిపిస్తోంటే నేను ప్రత్యేకం చెప్పాలా? కావాలనే కొంటున్నారనుకున్నా."

ఆమె ఫొటోలు తీసి చూసుకుంది. అతనన్నది నిజమే. ఎన్నిసార్లు చూసిందో ఆ ఫొటోను! ఎడమ సీటు, దాని ముందు పెడళ్లు. ఇరవై ఏళ్లుగా తాను కూర్చునే చోటు, తన కాళ్ల దగ్గర ఉండాల్సిన పెడళ్లు. చూసిన ప్రతిసారీ తనను తాను ఆ సీట్లో కూర్చోబెట్టుకుంది. ఎక్కడా తేడా అనిపించలేదు. అనిపించదు కూడా. ఎవరింట్లో గుమ్మం ఎటుందో వాళ్లు ప్రత్యేకించి చూసుకోరు కదా.

ఈ మాట ఎవరితో చెప్పుకుంటుంది? సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"స్టీరింగు ఏ వైపుందో తెలీని డ్రైవింగు టీచరు!" అన్నాడు అన్నయ్య, ఎదురింటివాళ్లకు కూడా వినపడేలా. "రేపట్నుంచి మన స్కూలు గడప ఎవరైనా తొక్కుతారా? అసలు ఇలాంటి బండి రోడ్డెక్కనిస్తారా?"

"ఎక్కనిస్తారు సార్," అన్నాడు లారీ డ్రైవరు. "ఎడమ స్టీరింగని వెనక ఒక బోర్డు పెట్టుకోవాలి, అంతే. మీ ఇష్టం. నేను టీ తాగొస్తా, ఈలోగా ఉంచుతారో పంపుతారో తేల్చుకోండి." అతను వీధి చివరికి నడిచాడు.

అన్నయ్య గొంతు తగ్గించాడు. తగ్గిస్తేనే ఆమెకు భయం. "సరే, అయిందేదో అయింది. తప్పులు అందరూ చేస్తారు. తిరిగి పంపించెయ్. ఆ డబ్బుతో పెద్ద బండి తెచ్చుకుందాం. నీ సీటు నీకుంటుంది, నీ బ్రేకు నీకుంటుంది. నేనున్నానుగా."

అమ్మ తలూపింది. "వాడు చెప్పేది నీ మంచికేనే."

నిజం చెప్పాలంటే పంపించేద్దామనే ఆమె నోటిదాకా వచ్చింది. పంపేస్తే ఈ నవ్వులు సాయంత్రానికి చల్లారిపోతాయి. ఉంచుకుంటే ఆ ఎర్రబండి వీధిలో కనిపించినప్పుడల్లా తన పొరపాటు కూడా కనిపిస్తుంది.

"ఒక్కసారి కూర్చుని చూస్తా," అంది.

"ఇంకా ఏం చూస్తావే, చూడాల్సినప్పుడు చూడకుండా?"

ఆమె ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చుంది. సీటు నేలకు దగ్గరగా ఉంది. కుడికాలు ఎవరూ చెప్పకుండానే వెళ్లి బ్రేకు మీద వాలింది. ఎడమకాలు క్లచ్చు మీద వాలింది. కుడిచెయ్యి గేరు మీదికి వెళ్లింది. అక్కడ ఆగింది ఆమె. బెదిరిపోయిన ఎంతమంది చేతుల మీదుగా తన కుడిచెయ్యి చాచి గేర్లు సరిచేసిందో! ఎడమవైపు కాలవ ఎంత దూరంలో ఉందో, పేవ్‌మెంటు అంచు ఎక్కడ మొదలవుతుందో, ముందున్న బస్సును ఎంత వెనక నుంచి చూస్తే ఎదురుగా వచ్చేది కనపడుతుందో, అన్నీ ఈ సీట్లోంచి చూసి నేర్చుకున్నవే. ఊళ్లో ఇంకెవరికైనా ఈ బండి తిరకాసుది. తనకు కాదు.

కుడికాలు కాస్త జరిపింది. బ్రేకు పక్కన ఇంకొకటి తగిలింది, బండిని కదిలించేది. రబ్బరు బాగానే ఉంది, డీలరు అబద్ధం చెప్పలేదు.

తాళం తిప్పింది. ఇంజను గుర్రుమంది. అమ్మ కుర్చీలో అదిరిపడింది.

"ఏయ్, దిగు! అది తోలడం నీవల్ల కాదు," అన్నాడు అన్నయ్య.

"ఎందుక్కాదు?"

"స్టీరింగు అటుందే!"

"నేనూ ఇటేగా ఉన్నాను అన్నయ్యా, ఇరవై ఏళ్లుగా. మీరే చూడలేదు."

వదిన నోటికి తడిగుడ్డ అడ్డం పెట్టుకుంది. అన్నయ్య అది చూశాడు.

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే ఇదే," అన్నాడు అమ్మ వైపు తిరిగి.

"కుందేలు సంగతి నాకు తెలీదు. నా కాలి కింద మాత్రం ఇన్నాళ్లూ రెండే ఉండేవి. ఇప్పుడు మూడున్నాయి. ఇచ్చెయ్యను."

టీ తాగి వచ్చిన లారీ డ్రైవరు ఇద్దరి మొహాలూ చూసి, ఎవరిని అడగాలో తెలీక ఊరుకున్నాడు. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది. "మీరు వెళ్లండి బాబూ. బండి నచ్చింది. మీ డీలరుకు చెప్పండి, ఫొటో సరిగ్గానే తీశాడని."

అతను ఇనప పలకలు పైకెత్తి గొళ్లెం వేశాడు. లారీ మలుపు తిరిగేదాకా ఎవరూ కదల్లేదు. తిరిగాక ఇక వెనక్కి తీసుకోవడానికి ఏమీ మిగల్లేదు.

అప్పుడు అన్నయ్య చరచరా వచ్చి కుడివైపు తలుపు లాక్కుని కూర్చున్నాడు. "నిన్నొక్కదాన్నే ఎలా పంపిస్తా? ఏదైనా గుద్దితే?" కుడివైపు కూర్చున్నాడు గానీ ముందు పట్టుకోవడానికి ఏమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆమె క్లచ్చు వదిలింది. మలుపు దగ్గర సిగ్నలు వేయబోతే, ఈ బండిలో ఆ మీటలు కూడా అటువి ఇటు కాబట్టి వైపరు లేచింది. చుక్క వాన లేని ఎండలో అది కిర్రుకిర్రుమంటూ అద్దం తుడుస్తోంది. వీధంతా గొల్లుమంది. ఆమె ముందు సిగ్నలు వెతికి వేసింది, వైపరుని మాత్రం ఆపలేదు.

"మెల్లగా," అన్నాడు అన్నయ్య. "మెల్లగా... బస్సు! బస్సే!"

"బస్సు ఇంకా అక్కడుంది. అయినా ఆ మాటలన్నీ నావి. నువ్వు కొత్తవి చూసుకో."

ఉండుండి అతని కుడికాలు నేల మీద చాపను గట్టిగా తొక్కుతోంది. తొక్కి, ఏమీ తగలక, మళ్లీ తొక్కుతోంది.

"కింద ఏం వెతుకుతున్నావన్నయ్యా?"

"ఏం లేదు," అన్నాడు. కాలు మాత్రం తీయలేదు. ఆ అవస్థ ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. జాలి కూడా వేసింది. అయినా తిరిగి చూడలేదు.

పెద్దరోడ్డు మీదికి చేరే చోట, రోజూ ప్రతివాడితోనూ ఆమె 'ఆపు' అనే చోటు వచ్చింది. ఆపింది. అటు చూసింది, ఇటు చూసింది, ఇంకోసారి అటు చూసింది. రోడ్డు ఖాళీగా ఉంది.

"ఇక చాలు, తిప్పెయ్. ఇంటికి పోదాం," అన్నాడు అన్నయ్య.

ఆమె పాదాన్ని బ్రేకు మీంచి తీసి, పక్కనున్న దాని మీద పెట్టి, నొక్కింది.