పెద్దులు సారు ఒంటి చలి

ఎండాకాలమొస్తే పొద్దున ఏడు కాకముందే పెద్దులు సారు ఇంటి అరుగు మీద పాలక్యాన్లు చేరేవి. మోత్కూరు నుంచి పాల బండి వచ్చేసరికి పదయ్యేది. అందాక పాలు విరగకుండ ఉండాలంటే సారు మంచం చుట్టూ పెట్టుడే. పూలమ్మే అండాలు మల్లెల గంప తెచ్చి ఆయన కాళ్లకాడ దించేది. కిరాణం మైసయ్య సోడాసీసాలు వరుసగ పెట్టిపోయేటోడు. సారు నులకమంచం మీద కూసోని పేపరు చదువుకునేటోడు. తొమ్మిదింటికి ఆయన భార్య బిక్షమ్మ జొన్నరొట్టె తెచ్చి, చేతికియ్యకుండ మంచం పట్టె మీద పెట్టి చప్పున చెయ్యి వెనక్కి తీసుకునేది.

క్యాన్లు పెట్టేటోళ్లల్ల పెద్దబజారు పెద్దకులాలోళ్లే ఎక్కువ. వాళ్లు ఆ ఇంటి చల్లదనం వాడుకునేటోళ్లు గని, ఆ ఇంట్ల మంచినీళ్లు మాత్రం ముట్టకపోయేది.

పెద్దులు సారు పదిహేనేండ్లు ఫౌజుల చేసిండు. చివరి మూడేండ్లు మంచు కొండల మీద వేసిండ్రు. ఒకపారి మంచు విరిగిపడి రెండు దినాలు దాని కిందనే ఉన్నడు. పక్కన ముగ్గురు పోయిండ్రు, ఈయన బతికిండు. ఊరికొచ్చేటప్పుడు ట్రంకు పెట్టెతో పాటు ఒంట్ల ఆ చలి కూడా వచ్చింది. ఫౌజుల పోయినోడు ఏదో ఒకటి తెచ్చుకుంటడులే అనుకున్నరు ఊరోళ్లు. ఇగ దాని గురించి మాట్లాడలేదు.

అప్పటికి బిడ్డ సుచరితకు నాలుగేండ్లు.

"అమ్మా, బాపు నన్నెప్పుడన్న ఎత్తుకున్నడా?" అని పెద్దయినంక అడిగింది.

"ఎందుకెత్తుకోలే. నీకు రెండేండ్లప్పుడు సెలవు మీదొచ్చి, భుజాల మీద కూసోబెట్టుకొని అంగడంత తిప్పిండు. గప్పుడు ఒళ్లు ఎచ్చగనే ఉండె."

సుచరితకు అదేం యాదికి లేదు. ఆమెకు ఎరుకైన బాపు వేరు. దగ్గరికి పోతే చలికి పండ్లు కటకట కొట్టుకునేవి. బిక్షమ్మ వంటింట్ల పండుకునేది, ఆయన అరుగు మీద పండుకునేటోడు. ఒకపారి కాళ్లు పట్టబోతే ఆమె రెండు వేళ్లు మొద్దుబారి, మళ్ల బాగు కాలేదు.

తర్వాత సారుకు సర్కారు బడిల నౌకరి వచ్చింది. ఏప్రిల్ నెలల చుట్టుపక్కల బడులన్ని ఖాళీ అయితే, ఆయన తరగతిల మాత్రం పిల్లలు కిక్కిరిసి కూసునేటోళ్లు. ఎక్కాలు, ఇంగ్లీషు, కవాతు అన్నీ నేర్పేటోడు. ఎవల పోరడికి జరమొచ్చినా తోలుకొచ్చేటోళ్లు. సారు నుదుటి మీద అరచెయ్యి పెడితే గడియల దిగేది. దవాఖానకు పోవుడే మానేసిండ్రు. దొర మనుమడికి జరమొస్తే సారును పిలిపించిండ్రు. ఆయన గడప బయటనే నిలబడి చెయ్యి లోపలికి చాపిండు.

సుచరితకు ఎనిమిదేండ్లప్పుడు ఒక్కసారి జరమొచ్చింది. బాపు వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టిండు. ఇనుప పలక పెట్టినట్టు చల్లగున్నా ఆమె కదలలేదు. జరం దిగంగనే చెయ్యి తీసిండు. ఆ ఎండాకాలమంత సుచరిత చెప్పులేసుకోకుండ నడిమధ్యాహ్నం బండరాళ్ల మీద తిరిగింది, మళ్ల జరమొస్తదేమోనని. రాలేదు. ఊరి పిల్లలకు మాత్రం రోజూ వచ్చేది.

ఆమెకు నకిరేకల్ సంబంధం చేసిండ్రు. రెండేండ్లకే మొగడు యాక్సిడెంటుల పోతే తల్లిగారింటికి వచ్చింది. ఆ దినం బాపు అరుగు దిగి ఎదురొచ్చి, మూడడుగుల దూరంల ఆగిండు. "లోపలికి పో బిడ్డా" అన్నడు. అంతే.

రిటైరయినంక సారు ఇంటెనక ఇరవై గుంటలు కొన్నడు. అండ్ల సుచరిత చిక్కుడు, టమాట, వంగ పెట్టేది. తల్లీబిడ్డలకు ఆ తోటనే పని, అదే బతుకు. సారు మాత్రం తోటల అడుగుపెట్టకపోయేది. పెడితే చలికి మొక్కలు మాడుతయని ఆయనకు తెలుసు.

రెండువేల ఇరవై రెండు మే నెలల ఒక పొద్దున పేపరు చేతిల ఉండంగనే సారు పానం పోయింది. చలి మాత్రం పోలేదు. ఐసు పెట్టె కిరాయికి తెచ్చే పని పడలేదు. శవాన్ని అరుగు మీద పండబెట్టి మూడు దినాలాయె, పువ్వన్న వాడలేదు. ఊరంత వచ్చి ఏడ్చింది. ఏడ్చినోళ్లు లేచిపోలేదు. బయట నలభై ఆరు డిగ్రీలు కొడుతున్నది. నాలుగో నాడు శవం చుట్టూ పాలక్యాన్లు కనబడ్డయి.

సర్పంచి పరశురాములు సుచరితను పక్కకు పిలిచిండు. ఆయన సారు దగ్గర చదువుకున్నోడే.

"బిడ్డా, వానలు పడేదాక ఉంచుదాం. సారుకేం కాదు గద. ముసలోళ్లు, చిన్నపిల్లలు ఎండకు ఆగుతలేరు."

"మా బాపు మనిషి, అన్నా. రేపు మట్టి చేస్తం," అన్నది సుచరిత.

పరశురాములు చాలాసేపు తల గోక్కున్నడు. "సరే. గని గంత దూరం బొందలగడ్డకెందుకు? మీ తోటలనే పెట్టుకోండ్రి. సారు మీ కండ్లముందే ఉన్నట్టుంటది."

ఆ మాట సుచరిత మనసుకు తాకింది. ఇన్నేండ్లకు ఆ ఇంటి మంచిచెడ్డ ఒకలన్న ఆలోచించిండ్రనుకున్నది. తోట నడుమనే మట్టి చేసిండ్రు.

తెల్లారి లేచి చూస్తే చిక్కుడు పందిరి నల్లగయింది. టమాట మొక్కలు ఒంగిపోయినయి. సమాధి చుట్టూ పాలక్యాన్లు, సోడాసీసాలు, చాపలేసుకొని మనుషులు. అండాలు మనుమరాలిని పండబెట్టుకొని విసురుడు కూడా లేకుండ కునుకు తీస్తున్నది.

వారం లోపల గ్రామసభ పెట్టిండ్రు. పెద్దులు సారు ఊరి ఆస్తి అన్నరు. ఆ జాగల షెడ్డు వేసి, ఆయన పేరు పెట్టాలని తీర్మానం చేసిండ్రు. చప్పట్లు కొట్టిండ్రు. బిక్షమ్మకు మందపాటి శాలువా కప్పిండ్రు. ఆమె దాన్ని మడిచి కుర్చీ మీదనే పెట్టి వచ్చింది. మూడు దినాలకు తోట చుట్టూ కంచె పడింది. గేటు తాళం పంచాయతీ ఆఫీసుల ఉండేది.

తల్లీబిడ్డలు నకిరేకల్ పోయిండ్రు. రేకుల గది కిరాయికి తీసుకున్నరు. సుచరిత నిమ్మకాయల మార్కెట్టుల కాయలు ఏరే పనికి కుదిరింది.

ఆగస్టు మొదట్ల పరశురాములు వచ్చిండు. గడపల కూసోంగనే అంగీ తడిసిపోయింది.

"గిదేం ఉక్కపోతమ్మా. గిండ్ల ఎట్లుంటున్నరు?"

"ఎచ్చగ ఉన్నది. మంచిగనే ఉన్నది," అన్నది బిక్షమ్మ.

"పదిహేనో తారీఖు షెడ్డు తెరుస్తున్నం. కలెక్టరొస్తున్నరు. ఇంటోళ్లుగ మీరొచ్చి సారు గురించి నాలుగు ముక్కలు చెప్పాలె."

బిక్షమ్మ మంచినీళ్ల చెంబు పరశురాములు ముందర పెట్టింది. ఆయన దాన్ని ముట్టలేదు.

"మాకేం ఎరుక అయ్యా, చెప్పెటందుకు," అన్నది బిక్షమ్మ. "ఆయన దగ్గర కూసున్నది మీరు. మీరే చెప్పుకోండ్రి."

ఆయన పోయినంక బిక్షమ్మ తలుపు వేసింది. రేకులు కాలుతున్నయి. చాప పరిచి బిడ్డ పక్కన పండుకున్నది. ఇద్దరికీ చెమట ధారగ కారుతున్నది. ఎవలూ జరగలేదు.